ఇంట్లో పెద్దవాళ్లకు అటెండెంటును పెడుతున్నారా? హోమ్‌కేర్ ఏజెన్సీని ఎంచుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పక్షవాతం వచ్చినా, తుంటి ఎముక విరిగినా, మతిమరుపు జబ్బు ముదిరినా అమ్మానాన్నలను ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. హైదరాబాదు, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో ఇందుకోసం ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టుకోవడం ఇప్పుడు మామూలైంది. వచ్చిన మనిషి ఎలాంటిదో మొదటి వారంలో మీకే తెలిసిపోతుంది. ఆమె ఒకరోజు రాకపోతే ఏజెన్సీ ఏం చేస్తుంది, ఆమె పనిని అటువైపు నుంచి ఎవరు చూస్తారు అన్నవి మాత్రం డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. ఏజెన్సీ మంచిచెడ్డలు ఎక్కువగా ఈ రెండింటిలోనే బయటపడతాయి.

అటెండెంటు కావాలా, నర్సు కావాలా?

స్నానం, డైపర్ మార్చడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం, నడిపించడం, మీరు డబ్బాలో సర్ది పెట్టిన మాత్రలు వేళకు అందించడం అటెండెంటు పని. ఇంజెక్షన్లు, సెలైన్, పుండుకు కట్టు, మూత్రపు గొట్టం వేయడం, తీయడం, గొంతులోని కఫాన్ని మెషిన్‌తో లాగడం నర్సు పని. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తప్ప వేరే అవసరం లేని మనిషికి 12 గంటల నర్సు అక్కర్లేదు. ఇంట్లోవాళ్లు పెన్‌తో ఇన్సులిన్ ఇవ్వడం నేర్చుకుని అటెండెంటును పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక్కడ జరిగే మోసం ఒకటి ఉంది. అటెండెంటుకు తెల్లకోటు వేసి ‘నర్సు’ అని పంపి, నర్సు రేటు కట్టించుకుంటారు. ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. నర్సు అని చెప్పినప్పుడు ఆ సర్టిఫికెట్ అడగండి. అందులోని పేరు, ఫొటో ఆధార్‌తో సరిపోవాలి. అటెండెంటుకు అలాంటి కౌన్సిల్ లేదు. చాలామంది దగ్గర జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు సర్టిఫికెట్ ఉంటుంది, కొందరి దగ్గర అదీ ఉండదు. కాగితం లేనంత మాత్రాన పని రాదని కాదు. వాళ్లను పని చేయించి చూసి తేల్చుకోవాలి. అదెలాగో కింద రాశాం.

ఏజెన్సీకి ఫోన్ చేసే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

ఒక పేజీ రాసుకోండి. వయసు, బరువు, జబ్బులు, లేచి నిలబడగలరా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, గొట్టాలు ఏమైనా ఉన్నాయా, మాట అర్థమవుతుందా, ఏ భాష, శాకాహారమా మాంసాహారమా. బరువు రాయడం మరవకండి. 80 కిలోల మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి 45 కిలోల అమ్మాయిని పంపితే మొదటి వారంలోనే ఎవరో ఒకరు పడతారు. రాత్రుళ్లు నిద్రపోరన్న సంగతి దాస్తే మనిషి దొరుకుతుందేమో గానీ నిలవదు. మూడో రోజుకల్లా వెళ్లిపోతుంది.

మంచి ఏజెన్సీ ఈ వివరాలన్నీ తనే అడుగుతుంది, వీలైతే సూపర్‌వైజర్‌ను ఇంటికి పంపి చూపిస్తుంది. రోగి గురించి ఒక్క ప్రశ్న వేయకుండా ‘రేపు పొద్దున్నే పంపిస్తాం, అడ్వాన్సు వేయండి’ అన్నచోట ఆగండి.

ఫోన్లో అడగాల్సిన ప్రశ్నలేంటి?

‘మీ అటెండెంట్లు మంచివాళ్లేనా’ అని అడిగితే కాదనేవాళ్లెవరూ ఉండరు. జరిగే సంగతులు అడగండి. పొద్దున 8 గంటలకు రావాల్సిన మనిషి 9 అయినా రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? ఎన్ని గంటల్లో ఇంకొకరు వస్తారు? రాత్రి 11 గంటలకు ఆ నంబరు ఎవరైనా ఎత్తుతారా? (ఒక రాత్రి మీరే చేసి చూడండి.) సూపర్‌వైజర్ ఇంటికి ఎన్నాళ్లకోసారి వస్తారు? నెలకు ఒకటి రెండుసార్లయినా చెప్పకుండా వచ్చి రోగి వీపు, పిరుదులు, మడమలు చూసి వెళ్లే ఏజెన్సీ దొరికితే రేటు కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. ‘ఏదైనా ఉంటే మీరే చెప్పండి’ అన్నారంటే అక్కడ పర్యవేక్షణ లేనట్టే.

మనిషి ఎన్నాళ్లుగా తమ దగ్గర పనిచేస్తోంది, ఇంతకుముందు ఎలాంటి రోగిని చూసింది, ఆ కుటుంబంతో మాట్లాడించగలరా అనీ అడగండి. మీరు కట్టే డబ్బులో ఆమె చేతికి ఎంత వెళ్తుందో కూడా అడగండి. కొన్ని ఏజెన్సీలు చెప్పవు. చెప్పకపోతే వచ్చిన మనిషినే మెల్లగా అడగండి. సగం కూడా అందనివాళ్లు మరోచోట కాస్త ఎక్కువిస్తామనగానే వెళ్లిపోతారు. మనుషులు తరచూ మారిపోవడానికి పెద్ద కారణం ఇదే.

24 గంటల డ్యూటీ అంటే రాత్రంతా మేలుకుని ఉంటారా?

ఉండరు, ఉండలేరు కూడా. 24 గంటల డ్యూటీ అంటే ఒకే మనిషి ఇంట్లో ఉండి, రాత్రి పడుకుని, పిలిస్తే లేవడం. ఆమెకు రాత్రి ఆరేడు గంటల నిద్ర, పగలు ఒకటి రెండు గంటల విశ్రాంతి కావాలి. రోగికి రాత్రంతా రెండు గంటలకోసారి పక్క మార్చాలన్నా, డిమెన్షియా (మతిమరుపు జబ్బు)తో రాత్రుళ్లు లేచి తిరుగుతున్నా ఒక్క మనిషితో కుదరదు. 12 గంటల డ్యూటీ మీద ఇద్దరిని పెట్టాలి, లేదా రాత్రి కొంతభాగం ఇంట్లోవాళ్లు పంచుకోవాలి. డబ్బు కలిసొస్తుందని ఇలాంటి రోగికి 24 గంటల మనిషినే పెట్టుకున్న ఇళ్లలోనే నిద్రమాత్రలు ఎక్కువ వేయడం, తెల్లారేదాకా డైపర్ మార్చకపోవడం లాంటివి జరుగుతుంటాయి.

ఇంట్లో ఉండే మనిషికి మంచమో పరుపో, బాత్రూమ్, మూడు పూటలా వేడి తిండి మీరే ఇవ్వాలి. వారానికో, పదిహేను రోజులకో ఒక సెలవు ఒప్పందంలోనే రాయించండి.

ఏ కాగితాలు చూడాలి?

అటెండెంటు ఆధార్ చూడండి. కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ అధికారిక యాప్‌తో స్కాన్ చేస్తే ఫొటో, పేరు, వయసు అసలువో కావో తెలుస్తాయి. 18 ఏళ్లు నిండని అమ్మాయిలను పంపేవాళ్లున్నారు కాబట్టి పుట్టిన తేదీ తప్పక చూడండి. పోలీస్ వెరిఫికేషన్ ‘అయిపోయింది’ అంటే చాలదు, కాగితం చూపించమనండి. దాని మీద తేదీ, ఎవరి పేరున ఉందన్నది చూడండి. ఏజెన్సీ యజమాని పేరున ఉన్న కాగితం మీ ఇంటికి వచ్చే మనిషికి పనికిరాదు. సొంతూరి చిరునామా, అక్కడి బంధువు ఫోన్ నంబరు తీసుకుని ఒకసారి ఫోన్ చేయండి. హెపటైటిస్-బి టీకా వేయించారా, టీబీ పరీక్ష చేయించారా అనీ అడగండి.

ఏజెన్సీకి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్ ఉండొచ్చు. అది వ్యాపారం నడుపుకోవడానికి మాత్రమే, సేవ నాణ్యతకు పూచీ కాదు. బిల్లులో జీఎస్టీ వేస్తే 15 అంకెలు, అక్షరాల ఆ నంబరును జీఎస్టీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి. ఏజెన్సీ పేరు రావాలి. ఆస్పత్రి డిశ్చార్జి కౌంటర్‌లో ఇచ్చిన నంబరైనా సరే ఈ తనిఖీలన్నీ చేయాల్సిందే. అక్కడ కమీషన్ ఏర్పాట్లు ఉండటం మామూలే.

వచ్చిన మనిషికి పని వచ్చో రాదో ఎలా తెలుస్తుంది?

మొదటిరోజు ఒక అరగంట పక్కన నిలబడి చూడండి. ప్రశ్నలు వేసి పరీక్ష పెట్టినట్టు కాకుండా ‘ఒకసారి నాన్నను కుర్చీలో కూర్చోబెట్టండమ్మా’ అనండి చాలు.

పని తెలిసిన మనిషి ముందు చక్రాల కుర్చీని మంచానికి ఆనించి, రోగికి బలమున్న వైపు పెడుతుంది. ఎడమవైపు పక్షవాతమైతే కుర్చీ కుడివైపు ఉండాలి. రెండు చక్రాల బ్రేకులూ వేస్తుంది, కాళ్ల పలకలు పైకి మడుస్తుంది. మనిషిని మంచం అంచున కూర్చోబెట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగి ‘కళ్లు తిరుగుతున్నాయా’ అని అడుగుతుంది. తర్వాత నడుము దగ్గర బెల్టో, పంచె మడతో పట్టుకుని, తన మోకాళ్లు వంచి, ‘ఒకటి, రెండు, మూడు’ అని చెప్పి లేపుతుంది. పని తెలియని మనిషి చంకల కింద చేతులు పెట్టి ఎత్తుతుంది, లేదా పడిపోయిన చేతిని పట్టుకుని లాగుతుంది. పక్షవాతం వచ్చిన భుజంలో కండరాలకు పట్టు ఉండదు. అలా లాగుతుంటే కీలు జారొచ్చు, ఆ నొప్పి నెలల తరబడి ఉండొచ్చు. ఇది కళ్లారా చూస్తే వెంటనే ఆపి, సూపర్‌వైజర్‌ను పిలిచి నేర్పించమనండి. నేర్పినా మారకపోతే మనిషిని మార్చమనండి.

డైపర్ మార్చేటప్పుడు కూడా చూడండి. చేతులు కడుక్కుని గ్లోవ్స్ వేసుకుందా, ఆడవాళ్లకు ముందునుంచి వెనక్కి తుడుస్తోందా (వెనకనుంచి ముందుకు తుడిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది), మడతల్లో తడి లేకుండా ఆరనిచ్చిందా, తలుపు వేసి దుప్పటి కప్పిందా. చివరిదాన్ని చిన్న విషయం అనుకోకండి. జీవితమంతా పరువుగా బతికిన మనిషిని బట్టల్లేకుండా తలుపు తీసి వదిలేసే చోట మిగతా పనులూ అంతే ఉంటాయి.

ముక్కు గొట్టంతో ఆహారం ఇస్తుంటే ఏం గమనించాలి?

ప్రాణం మీదికి వచ్చే పొరపాట్లు ఇక్కడే ఎక్కువ. ఆహారం ఇచ్చే ప్రతిసారీ ముందు ముక్కు దగ్గర గొట్టం మీది గుర్తు ఉన్నచోటే ఉందో లేదో చూడాలి. గొట్టం బయటికి జారినట్టు కనిపిస్తే ఏమీ పోయకూడదు, దాన్ని తిరిగి లోపలికి నెట్టకూడదు. నర్సును పిలవాలి. తలవైపు కనీసం 30 నుంచి 45 డిగ్రీలు లేపాలి, అంటే రెండు మూడు దిండ్లతో ఒరిగి కూర్చున్నంత. సిరంజిలో పిస్టన్ తీసేసి, గొట్టానికి తగిలించి, పైకెత్తి పట్టుకుంటే ఆహారం దానంతటదే దిగుతుంది. డాక్టరో డైటీషియనో రాసిన కొలత, మామూలుగా 200 నుంచి 250 మిల్లీలీటర్లు, 15, 20 నిమిషాల్లో నిదానంగా వెళ్లాలి. ఆ తర్వాత 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా మంచినీళ్లు పోసి గొట్టం కడగాలి. అయిన తర్వాత కనీసం అరగంట, కుదిరితే గంటసేపు పడుకోబెట్టకూడదు.

తొందరలో ఉన్న మనిషి పిస్టన్‌తో నొక్కి రెండు నిమిషాల్లో ముగించేస్తుంది, వెంటనే పక్కకు తిప్పి డైపర్ మారుస్తుంది. లోపలున్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రెండు మూడు రోజుల్లో జ్వరం, ఆయాసం, న్యుమోనియా. అందుకే డైపర్ మార్చే పని ఆహారం ఇచ్చేముందే అయిపోవాలి. పోస్తుండగా దగ్గొచ్చినా, ముఖం కమిలినా వెంటనే ఆపాలి.

గొట్టం మూసుకుపోవడానికి ఎక్కువగా కారణం వడకట్టని రాగిజావ, సరిగా నలగని మాత్రలు. పైపూత ఉన్న మాత్రలు, ‘ఎస్‌ఆర్’, ‘ఎక్స్‌ఆర్’ అని రాసి ఉన్నవి నలపకూడదు. వాటికి బదులేమిటో డాక్టరును అడిగి కాగితం మీద రాసి గోడకు అంటించండి.

పడక పుండ్లు రాకుండా చూస్తున్నారో లేదో ఎలా తెలుసుకోవాలి?

మీరే చూడాలి, రోజూ. నడుము కింద తోకఎముక దగ్గర, రెండు తుంట్లు, మడమలు, చెవి వెనక, భుజం ఎముకల మీద. ఎర్రబడినచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా ఫరవాలేదు. నొక్కినా తెల్లబడకపోతే అది పుండుకు మొదటి దశ. ఒంటి రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఎరుపు తెలియదు, ఆ చోటు పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో తగులుతుంది. అక్కడ మర్దన చేయకూడదు, దాని మీద బరువు పడకుండా చూడాలి.

రెండు గంటలకోసారి పక్క మార్చాలి: ఎడమవైపు, వెల్లకిలా, కుడివైపు. పూర్తిగా పక్కకు కాకుండా వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు ఒరిగిస్తే తుంటి మీద బరువు పడదు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడాలి. గుండ్రటి ట్యూబు కుషన్లు వాడొద్దు. అంచు ఒత్తిడికి లోపల రక్తం ఆడక పుండు ఇంకా పెరుగుతుంది. ఎయిర్‌బెడ్ కొన్నా పక్క మార్చడం తప్పదు. అది సరిగా నిండిందో లేదో చూడాలంటే పిరుదుల కింద, పరుపు అడుగున అరచేయి పెట్టండి. కనీసం అంగుళం మందాన గాలి తగలాలి, ఎముక తగలకూడదు.

గోడకు ఒక చార్టు పెట్టండి: గంట, ఏ పక్క, సంతకం. సాయంత్రం రోజంతటివీ ఒకే పెన్నుతో ఒకే ఊపులో నింపినట్టు కనిపిస్తే పట్టుకోవచ్చు. నోటితో అడగడం కంటే ఇది నయం.

డిమెన్షియా ఉన్న అమ్మకు తెలుగు రాని మనిషి ఫరవాలేదా?

వీలైనంతవరకు వద్దు. ఈ జబ్బులో చాలామందికి తర్వాత నేర్చుకున్న భాషలు ముందు పోతాయి, చిన్ననాటి భాష ఎక్కువకాలం మిగులుతుంది. హిందీ బాగా మాట్లాడిన ఉద్యోగస్తురాలు కూడా పదేళ్ల తర్వాత తెలుగులోనే భయపడుతుంది, తెలుగులోనే నీళ్లడుగుతుంది. హైదరాబాదులో ఒడిశా నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చి ఈ పని చాలా శ్రద్ధగా చేసేవాళ్లున్నారు. వాళ్లే దొరికితే ‘నొప్పి, దాహం, ఒంటేలు, చలి, భయం, ఇంటికి పోదాం’ లాంటి ఇరవై మాటలు రాసిచ్చి నేర్పండి.

ఎంపిక చేసేటప్పుడు ఈ రెండు ప్రశ్నలూ అడగండి. ‘అమ్మ స్నానానికి రానని మొండికేస్తే ఏం చేస్తారు?’ ‘ఎప్పుడో పోయిన నాన్న ఇంకా రాలేదేమని అడిగితే ఏం చెబుతారు?’ కాసేపాగి మళ్లీ అడుగుతానని, ఆయన గురించి మాట్లాడిస్తూ మాట మళ్లిస్తానని చెప్పే మనిషికి అనుభవం ఉన్నట్టు. బలవంతంగా చేయిస్తాననీ, ఆయన చనిపోయారని చెబుతాననీ అంటే ఇంకొకరిని చూడండి.

ఒప్పందంలో ఏముండాలి?

వాట్సాప్‌లో రేటు పంపితే అది ఒప్పందం కాదు. రోజు రేటా, నెల రేటా, నెలంటే 30 రోజులా అన్నది, రిజిస్ట్రేషన్ చార్జీ తిరిగిస్తారా లేదా, అడ్వాన్సు ఎన్నాళ్లలో తిరిగొస్తుంది, రోగి ఆస్పత్రిలో చేరినా, మరణించినా మిగిలిన రోజుల డబ్బు ఏమవుతుంది, మనిషి రాని రోజుకు కోత ఉందా, ఎన్నిసార్లు ఉచితంగా మనిషిని మారుస్తారు, పండగ రోజుల చార్జీ ఎంత, వస్తువు పోయినా దెబ్బ తగిలినా ఎవరిది బాధ్యత, ఎన్నిరోజుల ముందు చెప్పి మానుకోవచ్చు అన్నవి కాగితం మీద ఉండాలి. నెల మొత్తం ముందే కట్టమంటే మొదటిసారి వారం, పది రోజులకు కట్టండి. అందుకు ఒప్పుకోని ఏజెన్సీ మనుషుల మీద దానికే నమ్మకం లేదు. అటెండెంటు చేతికి అడ్వాన్సులు ఇవ్వొద్దు. డబ్బంతా ఏజెన్సీ బ్యాంకు ఖాతాకే, రసీదుతో.

ఏజెన్సీని పక్కనపెట్టి మనిషిని నేరుగా పెట్టుకోకూడదనే షరతు, అలా చేస్తే కట్టాల్సిన మొత్తం చాలా ఒప్పందాల్లో ఉంటాయి. సంతకానికి ముందే చదవండి.

సంక్రాంతికి అందరూ ఊళ్లకు వెళ్లిపోతే?

వెళ్తారు. సంక్రాంతి, దసరా, ఎన్నికల రోజుల్లో హైదరాబాదులో మనిషి దొరకడం చాలా కష్టం. డిసెంబరు మొదట్లోనే ఏజెన్సీని అడిగి, ఆ వారం ఎవరు వస్తారో పేరుతో సహా రాయించుకోండి. కొత్త మనిషి ఒకరోజు ముందే వచ్చి పాత మనిషితో కలిసి పని చూసుకోవాలి. అయినా ఎవరూ రాకపోయే అవకాశం ఉంది కాబట్టి ఇంట్లో ఇద్దరైనా పక్క మార్చడం, డైపర్ వేయడం, గొట్టంతో ఆహారం ఇవ్వడం నేర్చుకుని ఉండాలి. డిశ్చార్జి రోజున వార్డు నర్సులను అడిగితే నేర్పుతారు.

నగలు, ఫోన్లు, కెమెరా సంగతి?

నగలు లాకర్లో పెట్టండి, ఒంటిమీద ఉన్నవాటిని ఫొటో తీసి ఉంచుకోండి. పెద్దవాళ్ల ఫోన్లో యూపీఐ పరిమితి తగ్గించండి, ఏటీఎం పిన్ మార్చండి, బ్యాంకు మెసేజీలు మీకు వచ్చేలా చేయించండి. కెమెరా హాల్లో, మంచం వైపు పెట్టొచ్చు. బాత్రూమ్‌లో, అటెండెంటు పడుకునే, బట్టలు మార్చుకునే చోట పెట్టకూడదు. ఉందని ముందే చెప్పాలి. అటెండెంటు భద్రత కూడా మీ ఇంటి బాధ్యతే. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టం కింద ఆమె పనిచేసే ఇల్లు కూడా పనిచోటే.

మేం అమెరికాలో ఉన్నాం, అమ్మానాన్నలు గుంటూరులో. ఎలా చూసుకోవాలి?

కెమెరా ఒక్కటే నమ్ముకోవద్దు, ఎర్రబడ్డ మడమ అందులో కనిపించదు. దగ్గర్లో ఉన్న బంధువో, స్నేహితుడో వారానికోసారి వేళ మార్చి వెళ్లాలి, ఒకసారి మధ్యాహ్నం రెండింటికి, ఇంకోసారి రాత్రి తొమ్మిదింటికి. వెళ్లినవాళ్లు దుప్పటి తీసి చూడాలి, మాత్రల స్ట్రిప్పులు లెక్కపెట్టాలి, పెద్దవాళ్లతో అటెండెంటు లేకుండా పది నిమిషాలు మాట్లాడాలి. ఏజెన్సీ బిల్లు మీరే కట్టినా, ఆస్పత్రికి తీసుకెళ్లే నిర్ణయం ఊళ్లో ఎవరిదో ముందే రాసి ఏజెన్సీకి ఇవ్వండి. రాత్రి రెండు గంటలకు 108కి ఫోన్ చేయడానికి మీ అనుమతి కోసం ఎవరూ ఎదురుచూడకూడదు.

ఏవి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు?

రెండు భుజాల కింద వేళ్ల అచ్చుల్లా కమిలిన మచ్చలు. అటెండెంటు గదిలోకి రాగానే పెద్దవాళ్లు మాట్లాడటం ఆపేయడం. పగలంతా మత్తుగా ఉండటం, స్ట్రిప్పులో నిద్రమాత్రలు లెక్కకు తగ్గడం. కారణం తెలియకుండా బరువు తగ్గడం. పడిన సంగతి మీకు ఇంకెవరి ద్వారానో తెలియడం. వీటిలో ఏది చూసినా ముందు ఫొటో తీసి, డాక్టరుకు చూపించి రాయించుకోండి. ఆ తర్వాత ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పండి. దెబ్బలు, దొంగతనం అయితే పోలీసులకు, 112కి.

ఏజెన్సీ డబ్బు తిరిగివ్వకపోతే ఎక్కడికి వెళ్లాలి?

ముందు ఈమెయిల్‌లోనో, రిజిస్టర్డ్ పోస్టులోనో గడువు పెట్టి అడగండి. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. చాలా తగాదాలు అక్కడే తెగుతాయి. తెగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు కట్టిన మొత్తం 50 లక్షల లోపైతే అక్కడే వేయాలి, 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఏజెన్సీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. ఒప్పందం, రసీదులు, హాజరు పట్టిక, గోడ మీది చార్టు, వాట్సాప్ సంభాషణ స్క్రీన్‌షాట్లు, అన్నీ తేదీల వరుసలో పెట్టి తీసుకెళ్లండి. పెద్దవాళ్ల వేధింపు, నిర్లక్ష్యం గురించి సలహా కావాలంటే ఎల్డర్‌లైన్ 14567 ఉచితం, పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు.